లాజికల్ వాల్యూమ్ పరిమాణం: పెద్ద డిస్క్ స్టోరేజ్‌లలో కొలత నిర్ణయించే తీరు

పెద్ద డిస్క్ స్టోరేజ్ పెట్టె తన లోపలి డిస్కుల్లోంచి కొంత చోటు వేరుచేసి, సర్వరుకు ఒకే డిస్కుగా చూపించే భాగాన్ని లాజికల్ వాల్యూమ్ అంటారు. దాని వెనుక ఎన్ని డిస్కులు ఉన్నాయో, వాటిలో ఏది చెడిపోయి ఎప్పుడు మారిందో సర్వరుకు తెలియదు. దానికి కనిపించేవి రెండే: ఒక నంబరు, ఒక పరిమాణం. ఆ పరిమాణం ఎంత ఉండాలో వాల్యూమ్‌ను సృష్టించే రోజునే స్టోరేజ్ అడ్మినిస్ట్రేటరు చెప్పాలి. తెర మీద ఒక అంకె కొట్టి ఎంటర్ నొక్కితే పని అయిపోతుంది. కానీ ఆ అంకెకు పెట్టె లోపలి విభజన, సర్వరు ఆపరేటింగ్ సిస్టమ్ హద్దులు, ఒకేసారి నడిచే చదువు-రాతల సంఖ్య, దూరాన ఉన్న నకళ్లు అన్నీ ముడిపడతాయి. పెంచడం కొన్నిసార్లు కుదురుతుంది. తగ్గించడం చాలా చోట్ల కుదరదు. అందుకే ఈ అంకెను ఈనాటి అవసరాన్ని బట్టి కాక, ఎదుగుదలను బట్టీ పెట్టె కొలమానాన్ని బట్టీ పెట్టాలి.

దీని వల్ల ఎవరికి ఏం జరుగుతుందో రాయ్‌పూర్ ఉదాహరణ చెబుతుంది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2007-08 ఖరీఫ్ సీజనుకు ధాన్యం కొనుగోళ్లను కంప్యూటర్ల మీదికి తెచ్చింది. 2012లో రాయ్‌పూర్ నగరంలో రేషన్ బియ్యం పంపిణీకి కోర్ పీడీఎస్ అనే పద్ధతి మొదలుపెట్టింది. అంతకుముందు శంకర్ నగర్‌లో ఉండే కార్డుదారు తనకు కేటాయించిన చౌకధరల దుకాణానికే వెళ్లాలి. కొత్త పద్ధతిలో, అందులో చేరిన దుకాణాల్లో నచ్చిన చోట బియ్యం తీసుకోవచ్చు. డీలరు తూకంలో మోసం చేస్తే మరో దుకాణానికి వెళ్లే హక్కు పేదవాడికి దక్కింది. చిన్న విషయం కాదది. అయితే ఏ కార్డు ఏ దుకాణానికి వస్తుందో ముందే తెలియదు కాబట్టి, దుకాణంలోని యంత్రం ప్రతిసారీ కేంద్ర డేటాబేసును అడిగి తెలుసుకోవాలి. ఇలాంటి పద్ధతిలో డేటాబేసు ఉన్న వాల్యూమ్ నిండిపోతే రాత ఆగుతుంది, రాత ఆగితే తూకం ఆగుతుంది. సంచీ పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషికి, పెట్టె తన చోటును కొలిచే ముక్క అయిన ఎక్స్‌టెంట్ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. దాని లెక్క తప్పితే ఖాళీ సంచీతో తిరిగి వెళ్లేది మాత్రం ఆయనే.

డిస్కు నుంచి వాల్యూమ్ దాకా

మొదట్లో ఈ సమస్యే లేదు. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో 50 పళ్లేలు ఉండేవి. అన్నీ కలిపి 50 లక్షల అక్షరాలు పట్టేవి. డిస్కు ఎంతో వాల్యూమ్ అంతే. 1989లో వచ్చిన ఐబీఎం 3390 వరకూ మెయిన్‌ఫ్రేమ్‌లనే పెద్ద కంప్యూటర్ల లోకంలో ఇదే నడిచింది: మోడల్ పేరు చెబితే పరిమాణం చెప్పినట్టే.

1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద తమ పత్రం ప్రచురించారు. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులను గుంపుగా కూర్చి, ఒకటి పోయినా డేటా పోకుండా చూడవచ్చని అందులో చూపారు. 1990లో ఈఎంసీ సిమెట్రిక్స్ అనే పెట్టె తెచ్చింది. అందులో ఉన్నవి చిన్న డిస్కులే అయినా మెయిన్‌ఫ్రేమ్‌కు అవి ఐబీఎం పెద్ద డిస్కుల్లానే కనిపించేవి. 1999లో ఐబీఎం ఎంటర్‌ప్రైజ్ స్టోరేజ్ సర్వర్, 2004లో దాని వారసుడు డీఎస్8000 వచ్చాయి. అప్పటికి భౌతిక డిస్కుకూ సర్వరు చూసే డిస్కుకూ ముడి పూర్తిగా తెగింది. పరిమాణం ఎంతైనా పెట్టుకునే స్వేచ్ఛ వచ్చింది, దాంతో పాటే ఎంత పెట్టాలన్న ప్రశ్నా వచ్చింది.

స్వేచ్ఛ వచ్చినా పాత కొలతలు వెంటనే పోలేదు. హిటాచీ పెట్టెల్లో ఓపెన్-3, ఓపెన్-8, ఓపెన్-9, ఓపెన్-ఈ అంటూ ముందే కోసిపెట్టిన పరిమాణాలు ఉండేవి. ఓపెన్-3 అంటే సుమారు 2.4 గిగాబైట్లు. అంతకన్నా పెద్దది కావాలంటే అనేక ముక్కలను కలిపి ఒకటిగా చూపాలి. కోరిన పరిమాణం ఇచ్చుకునే ఓపెన్-వీ తరువాత వచ్చింది. సిమెట్రిక్స్‌లోనూ అదే కథ: డిస్కును హైపర్లనే ముక్కలుగా కోయడం, పెద్దది కావాలంటే హైపర్లను మెటా వాల్యూమ్‌గా కలపడం.

ఎక్స్‌టెంట్: పెట్టె కొలమానం

డీఎస్8000 తరహా పెట్టెలో వాల్యూమ్ పుట్టడానికి ముందు కొన్ని మెట్లు ఉంటాయి. ఎనిమిది డిస్కులను ఒక అర్రేగా కడతారు. రెయిడ్-5 అయితే అందులో ఆరు డేటాకు, ఒకటి పారిటీకి, ఒకటి స్పేర్‌కు పోతాయి. స్పేర్ అక్కర్లేని అర్రేలో ఏడు డేటాకు మిగులుతాయి. అర్రేను ర్యాంకుగా మార్చినప్పుడు దాని చోటు అంతా సమానమైన ముక్కలుగా విడిపోతుంది. ఈ ముక్కే ఎక్స్‌టెంట్. కొన్ని ర్యాంకులను కలిపితే ఎక్స్‌టెంట్ పూల్ అవుతుంది. వాల్యూమ్‌కు చోటు ఈ పూల్ నుంచే వస్తుంది, అదీ పూర్తి ఎక్స్‌టెంట్ల లెక్కలోనే.

యూనిక్స్, విండోస్ వంటి సర్వర్లకు ఇచ్చే వాల్యూములకు ఎక్స్‌టెంట్ మొదట్లో 1 గిబిబైట్, అంటే 1,07,37,41,824 బైట్లు. మెయిన్‌ఫ్రేమ్ వాల్యూములకు 1,113 సిలిండర్లు; ఆ కొలత సంగతి తరువాతి భాగంలో వస్తుంది. కుంచంతోనే కొలిచే కొట్లో మానెడు అడిగినా కుంచం లెక్కే రాసినట్టు, 100.5 గిబిబైట్లు అడిగితే పెట్టె 101 ఎక్స్‌టెంట్లు తీసిపెడుతుంది. మిగిలిన అర గిబిబైట్ ఆ వాల్యూమ్‌కూ పనికిరాదు, ఇంకొకరికీ దక్కదు. ఒక్క వాల్యూమ్‌లో అయితే పట్టించుకోనక్కర్లేదు. అలాంటివి రెండు వేలు ఉన్న పెట్టెలో మాత్రం వెయ్యి గిబిబైట్లు కాగితం మీదే మిగులుతాయి. తరువాతి తరాల్లో 16 మెబిబైట్లు, 21 సిలిండర్ల చిన్న ఎక్స్‌టెంట్లు వచ్చాక ఈ వృథా దాదాపు మాయమైంది. పాత పెట్టెలు నడిపేవారు మాత్రం పూర్ణాంకాలతోనే వాల్యూములు చేయడం మేలు.

గిగాబైట్, గిబిబైట్ తేడాను ఇక్కడే తేల్చుకోవాలి. గిగాబైట్ వంద కోట్ల బైట్లు. గిబిబైట్ దానికన్నా 7 శాతానికి పైగా పెద్దది. డీఎస్8000లో వాల్యూమ్ చేసే ఆదేశానికి ఏ లెక్కలో చెబుతున్నామో కూడా చెప్పవచ్చు; రెండూ ఒప్పుకుంటుంది. డేటాబేసు చూసే ఆయన "1,800 జీబీ కావాలి" అని మెయిల్ పెడతాడు. ఆయన మనసులో ఉన్నది గిబిబైట్లు, స్టోరేజ్ వైపు చేసింది గిగాబైట్లు అయితే సర్వరు మీద 1,676 మాత్రమే కనిపిస్తాయి. 124 గిబిబైట్లు తగ్గాయి. ఈ తిప్పలన్నీ అడిగిన మెయిల్‌లో ప్రమాణం రాయకపోవడం వల్లే. అడిగేటప్పుడే ఎక్స్‌టెంట్ల లెక్కలో అడిగితే ఈ గొడవ ఉండదు.

ఒక వాల్యూమ్ ఎక్స్‌టెంట్లు పూల్‌లో ఎలా పరచుకోవాలన్నదీ అప్పుడే నిర్ణయమవుతుంది. ఒక పద్ధతిలో వాల్యూమ్ అంతా ఒకే ర్యాంకులో ఉంటుంది. తరువాతి వాల్యూమ్ తరువాతి ర్యాంకుకు పోతుంది. రెండో పద్ధతిలో ఒకే వాల్యూమ్ ఎక్స్‌టెంట్లు ఒక్కో ర్యాంకు మీదికి వరసగా తిరుగుతాయి. రెండోదే నయం, ఎందుకంటే ఒక వాల్యూమ్ మీద భారం పడ్డప్పుడు అన్ని ర్యాంకుల డిస్కులూ పంచుకుంటాయి. అయితే 1 గిబిబైట్ ఎక్స్‌టెంట్లున్న పెట్టెలో, ఎనిమిది ర్యాంకుల పూల్ నుంచి 3 గిబిబైట్ల వాల్యూమ్ చేస్తే అది మూడు ర్యాంకులకే చేరుతుంది. మరీ చిన్న వాల్యూములకు పరిచే లాభం అందదు. 2010లో వచ్చిన ఈజీ టియర్ వంటి సదుపాయాలు వేడెక్కిన ఎక్స్‌టెంట్లను తామే వేగమైన డిస్కుల మీదికి జరుపుతాయి కాబట్టి ఈ బెంగ కొంత తగ్గింది.

మెయిన్‌ఫ్రేమ్: సిలిండర్ల లెక్క

మెయిన్‌ఫ్రేమ్ వాల్యూమ్‌ను గిగాబైట్లలో కాక సిలిండర్లలో కొలుస్తారు. 3390 డిస్కులో సిలిండర్‌కు 15 ట్రాకులు, ట్రాకుకు 56,664 బైట్లు. వెరసి సిలిండర్‌కు 8,49,960 బైట్లు. మోడల్-1లో 1,113 సిలిండర్లు, మోడల్-3లో 3,339, మోడల్-9లో 10,017. ఎక్స్‌టెంట్ 1,113 సిలిండర్లు ఎందుకయిందో ఇప్పుడు అర్థమవుతుంది: మోడల్-3 అంటే సరిగ్గా మూడు ఎక్స్‌టెంట్లు, మోడల్-9 అంటే తొమ్మిది. ఒక్క సిలిండరూ పోదు.

మోడల్-27 అని పిలిచేది మాత్రం 32,760 సిలిండర్లు. దానికి 29 ఎక్స్‌టెంట్లు చాలవు, 30 ఇవ్వాలి. 630 సిలిండర్లు వృథా. మోడల్-54కు 65,520 సిలిండర్లు. సిలిండర్ నంబరుకు 16 బిట్లే ఉన్నందున చాలాకాలం అదే గరిష్ఠ హద్దు. ఆ హద్దును దాటించిన పెద్ద వాల్యూమ్ 2008లో వచ్చినప్పుడు దాని పరిమాణాన్ని 2,62,668 సిలిండర్లుగా పెట్టారు, అంటే 223 గిగాబైట్లు. 1,113తో భాగించి చూడండి, సరిగ్గా 236 వస్తుంది. తరువాత సుమారు 1 టెరాబైట్ వాల్యూమ్‌కు 11,82,006 సిలిండర్లు పెట్టారు. అదీ 1,062 ఎక్స్‌టెంట్లు, శేషం సున్నా. వాడేవాళ్లకు వింతగా తోచే ఈ అంకెల్లో ఒక్కటీ గాలివాటంగా పెట్టింది కాదు.

2.84 గిగాబైట్ల మోడల్-3లతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చిన సంస్థలు చివరికి పెద్ద వాల్యూములకు ఎందుకు మారాయి? చిరునామాలు అయిపోయాయి గనుక. మెయిన్‌ఫ్రేమ్‌లో డివైస్ నంబరు నాలుగు హెక్సాడెసిమల్ అంకెలు, అంటే 65,536కు మించి కుదరవు. అన్నీ మోడల్-3లే అయితే మొత్తం కలిపి 186 టెరాబైట్లే. పైగా పాత పద్ధతిలో ఒక చిరునామాకు ఒకసారి ఒకే చదువు-రాత నడిచేది. వాల్యూమ్ పెద్దదయ్యేకొద్దీ దాని వాకిట్లో వరుస పెరిగేది. అందుకే వాల్యూములను చిన్నవిగా ఉంచేవారు. 1999లో ఎంటర్‌ప్రైజ్ స్టోరేజ్ సర్వర్‌తో వచ్చిన పీఏవీ పద్ధతి ఒకే వాల్యూమ్‌కు మారు చిరునామాలు ఇచ్చి ఆ వరుసను చీల్చింది. మారు చిరునామాలు కూడా వాల్యూములున్న 256 చిరునామాల గుంపులోంచే రావాలి కాబట్టి, వాల్యూములు పెద్దవై సంఖ్య తగ్గితే మారు చిరునామాలకు చోటు దొరుకుతుంది. పరిమాణం పెరగడానికి వేగమే కారణమైన అరుదైన సందర్భం ఇది.

ఐబీఎం ఐ: ముందే కోసిన పరిమాణాలు

ఒకప్పుడు ఏఎస్/400 అని పిలిచిన యంత్రాలు నేటికీ ఎన్నో ఫ్యాక్టరీల్లో, పంపిణీ కంపెనీల్లో నడుస్తున్నాయి. ఇప్పుడు వాటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఐబీఎం ఐ అంటారు. దీని సెక్టారు 512 బైట్లు కాదు, 520. అదనపు ఎనిమిది బైట్లలో తన గుర్తులు రాసుకుంటుంది. డీఎస్8000లో దీనికి చాలాకాలం తోచిన పరిమాణం ఇవ్వడానికి వీలుండేది కాదు. ఏ01 అంటే 8.59 గిగాబైట్లు, ఏ02 అంటే 17.54, ఏ05 అంటే 35.16, ఏ04 అంటే 70.56, ఏ06 అంటే 141.1, ఏ07 అంటే 282.2. మోడల్ నంబరు చెబితే పరిమాణం దానంతట అదే వస్తుంది. మధ్య అంకె 0 బదులు 8 అయి, ఏ81, ఏ82 అని ఉంటే, రెయిడ్ లేనట్టు నటించే వాల్యూమ్ అన్నమాట. ఆపరేటింగ్ సిస్టమ్ తనే రెండు నకళ్లు రాసుకోవాలంటే అలా ఇస్తారు.

వీటిని ఎక్స్‌టెంట్ల లెక్కలోకి మారిస్తే ఏది మంచి కొనుగోలో తెలుస్తుంది. 8.59 గిగాబైట్లు సరిగ్గా 8 ఎక్స్‌టెంట్లు. 17.54కు 17 ఎక్స్‌టెంట్లు ఇవ్వాలి గానీ వాడేది 16.34, దాదాపు 4 శాతం గాలికి. 35.16కు 33, 70.56కు 66, 141.1కు 132, 282.2కు 263 ఎక్స్‌టెంట్లు. చివరిదానిలో వృథా లేనట్టే. చోటు ఒక్కటే చూస్తే పెద్దవి తీసుకోవాలనిపిస్తుంది. కానీ ఈ ఆపరేటింగ్ సిస్టమ్ డేటాను ఉన్న డిస్కులన్నిటి మీదా తనంతట తానే చల్లుతుంది. దాన్ని నడిపేవాళ్లు ఎన్ని టెరాబైట్లని అడగరు, ఎన్ని ఆర్మ్‌లని, అంటే ఎన్ని డిస్కులని, అడుగుతారు. 2.8 టెరాబైట్లు కావాలంటే పది ఏ07ల కన్నా నలభై ఏ04లు చాలా చోట్ల మెరుగ్గా నడుస్తాయి. ఎన్నుకున్న మోడల్‌ను తరువాత మార్చే దారి పాత తరాల్లో లేదు; కొత్త వాల్యూములు చేర్చి, డేటాను వాటి మీదికి తరలించి, పాతవి తీసేయడమే.

512 బైట్ల సెక్టార్లు మాత్రమే ఇచ్చే పెట్టెల మీద ఇదే ఆపరేటింగ్ సిస్టమ్ ఎనిమిది సెక్టార్ల డేటాకు తొమ్మిది సెక్టార్లు వాడుకుంటుంది. అలాంటి చోట కొన్న చోటులో తొమ్మిదో వంతు ముందే తీసేసి లెక్క వేయాలి.

సర్వరు గీసే గీతలు

పెట్టె ఎంత పెద్ద వాల్యూమ్ ఇచ్చినా సర్వరు తీసుకోలేకపోతే లాభం లేదు. చాలా ఏళ్లు అందరినీ ఆపిన హద్దు 2 టెబిబైట్లు. బ్లాకు నంబరుకు 32 బిట్లు, బ్లాకుకు 512 బైట్లు. రెండూ గుణిస్తే వచ్చేది అదే. పాత ఎంబీఆర్ విభజన పట్టికకూ అదే హద్దు. జీపీటీ పట్టిక దాన్ని దాటింది. వీఎంవేర్ వాడేవారికి 2011లో వీఎంఎఫ్‌ఎస్-5 వచ్చేదాకా ఒక్కో వాల్యూమ్ 2 టెరాబైట్ల లోపే.

ఐబీఎం యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లో గీత ఇంకో చోట ఉంది. అక్కడ డిస్కులను కలిపి ఉంచే పాత తరహా వాల్యూమ్ గ్రూపులో ఒక్కో డిస్కుకు 1,016కు మించి విభాగాలు ఉండకూడదు. విభాగం పరిమాణం గ్రూపు పుట్టిన రోజున పెడతారు. 256 మెబిబైట్ల విభాగం పెడితే డిస్కు 254 గిబిబైట్లు దాటకూడదు. అంటే నేడు 225 గిబిబైట్ల వాల్యూమ్ ఇచ్చి రేపు స్టోరేజ్ వైపు 275కు పెంచినా, సర్వరు ఆ పెరిగిన చోటును ఉన్నపళంగా తీసుకోదు. డిస్కుకు ఇన్ని విభాగాలు అన్న లెక్కను గ్రూపులో ముందుగా సడలించాలి, దానికి బదులుగా ఆ గ్రూపులో ఇమిడే డిస్కుల సంఖ్య తగ్గుతుంది. 2004లో ఏఐఎక్స్ 5.3తో వచ్చిన స్కేలబుల్ గ్రూపులో ఈ చిక్కు లేదు. హెచ్‌పీ-యూఎక్స్ పాత గ్రూపుల్లోనూ ఇలాంటి హద్దు గ్రూపు సృష్టించేటప్పుడే బిగుసుకుపోతుంది. లినక్స్ ఎల్‌వీఎం ఈ విషయంలో ఉదారం. అడిగినవారు ఏ సర్వరుకు అడుగుతున్నారో తెలుసుకోకుండా పరిమాణం పెట్టకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఒకటి పెద్దదా, ఎనిమిది చిన్నవా

1,800 గిబిబైట్లు కావాలంటే ఒకే వాల్యూమ్ ఇవ్వవచ్చు, ఎనిమిది 225లుగానూ ఇవ్వవచ్చు. చోటు లెక్కలో పెట్టెకు తేడా లేదు, సర్వరుకు ఉంది. సర్వరు ఒక్కో డిస్కు మీదికి ఒకేసారి ఇన్ని పనులే పంపాలని ఒక లెక్క పెట్టుకుంటుంది, దాన్ని క్యూ డెప్త్ అంటారు. అది 20 అయితే ఒక వాల్యూమ్‌కు 20, ఎనిమిదింటికి 160. లోపల ఫ్లాష్ డిస్కులు ఖాళీగా కూర్చున్నా, ఒకే వాల్యూమ్ ఇచ్చిన సర్వరు గుమ్మం దగ్గర వరుసలో నిలబడుతుంది.

డీఎస్8000లో ఇంకో కారణం ఉంది. వాల్యూమ్ నంబరు నాలుగు హెక్సాడెసిమల్ అంకెలు. మొదటి రెండూ గుంపు నంబరు, చివరి రెండూ గుంపులో వరస. గుంపుకు 256 వాల్యూములు. సరి సంఖ్య గుంపులను పెట్టె లోపలి ఒక కంట్రోలరు, బేసి గుంపులను రెండోది చూసుకుంటాయి. ఒకే పెద్ద వాల్యూమ్ ఇస్తే ఒక కంట్రోలరు మీదే మొత్తం భారం. 1000 నుంచి 1003 వరకు నాలుగు, 1100 నుంచి 1103 వరకు నాలుగు ఇస్తే రెండూ సగం సగం పంచుకుంటాయి.

మరీ ముక్కలు చేయడమూ మంచిది కాదు. వంద చిన్న వాల్యూములుంటే ఒక్కోదానికి నాలుగు దారుల చొప్పున సర్వరు నాలుగు వందల డిస్కు పేర్లు చూస్తుంది, బూట్ అవడానికే చాలా సేపు పడుతుంది, ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు. ఒక డేటాబేసుకు ఎనిమిది నుంచి పదహారు సమాన పరిమాణపు వాల్యూములు సరైన మధ్యమార్గం అన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. సమానంగా ఉండాలన్న మాట ముఖ్యం. ఒరాకిల్ ఏఎస్‌ఎం డేటాను డిస్కు పరిమాణానికి తగ్గట్టు పంచుతుంది; ఒకటి 200, ఒకటి 800 ఉంటే నాలుగింట మూడొంతులకు పైగా భారం పెద్దదాని మీదికి పోతుంది.

థిన్ వాల్యూములు

పరిమాణం చెప్పినంత మాత్రాన చోటు వెంటనే ఇవ్వకుండా, రాసినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఇవ్వడం థిన్ పద్ధతి. హిటాచీ 2007లో యూఎస్‌పీ-వీ పెట్టెతో తెచ్చిన డైనమిక్ ప్రొవిజనింగ్‌లో ఈ ముక్క 42 మెగాబైట్లు. ఈఎంసీ వీమ్యాక్స్‌లో 768 కిలోబైట్లు. ఈ పద్ధతితో వాల్యూమ్ పరిమాణం వాగ్దానంగా మారింది. 10 టెరాబైట్లున్న పూల్ మీద 25 టెరాబైట్ల వాల్యూములు చూపించవచ్చు.

ఇది మేలైన సదుపాయమే. కానీ దీనితో నిర్ణయం పోలేదు, చోటు మారింది, అంతే. ముందు వాల్యూమ్ నిండుతుందా అని చూసేవారు, ఇప్పుడు పూల్ నిండుతుందా అని చూడాలి. పూల్ నిండితే ఒక సర్వరు కాదు, దాని మీద ఉన్నవన్నీ ఒకేసారి ఆగుతాయి. ఫైలు తుడిచినా ఆ చోటు పూల్‌కు దానంతట అదే తిరిగి రాదు. ఆ బ్లాకులు ఇక అక్కర్లేదని సర్వరు పెట్టెకు చెప్పాలి, దానికి అన్‌మ్యాప్ అనే ఆదేశం ఉంది. చాలా చోట్ల అది ఆన్ చేసి ఉండదు. ఎదుగుదల నిలకడగా ఉన్న వందల చిన్న సర్వర్లకు థిన్ బాగా కలిసివస్తుంది. అన్నీ ఒకే నెలలో ఉబ్బే పనులకు వాగ్దానాలు ఎక్కువ చేయకూడదు. ఛత్తీస్‌గఢ్ ధాన్యం కొనుగోళ్లు నవంబరులోనో డిసెంబరులోనో మొదలై జనవరి చివరిదాకా సాగుతాయి. ఏడాది రాతలో పెద్ద భాగం ఆ కొద్ది వారాల్లో పడుతుంది. సెప్టెంబరులో పూల్ సగం ఖాళీగా ఉందని నిశ్చింతగా ఉంటే జనవరిలో అర్ధరాత్రి ఫోను మోగుతుంది.

నకళ్లు, దూరం

వాల్యూమ్ పరిమాణానికి చాలామంది మరిచిపోయే గుణకం నకలు. దూరాన ఇంకో పెట్టెలో నకలు ఉంచితే గమ్యం వాల్యూమ్ మూలానికి సమానంగానో పెద్దగానో ఉండాలి, చిన్నది కాకూడదు. రాయ్‌పూర్‌లో మూలం, హైదరాబాద్‌లో నకలు ఉన్నాయనుకుందాం. గగనమార్గాన చూసినా మధ్య దూరం 500 కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. పోయి రావడానికి కనీసం 5 మిల్లీసెకన్లు. ప్రతి రాతకూ అంతసేపు ఆగి అవతలి పెట్టె ఒప్పుకోలు తీసుకునే మెట్రో మిర్రర్ పద్ధతికి మామూలు హద్దు 300 కిలోమీటర్లు. కాబట్టి ఆగకుండా పంపే గ్లోబల్ మిర్రర్ వాడాలి. అందులో అవతలి వైపు నకలుతో పాటు, ఏదో ఒక క్షణానికి అన్ని వాల్యూములూ పొందికగా ఉన్న స్థితిని పట్టి ఉంచే ఫ్లాష్‌కాపీ అనే మరో నకలు కూడా కావాలి. రాయ్‌పూర్‌లో 1,800 గిబిబైట్లు అడిగితే హైదరాబాద్‌లో 3,600 సిద్ధం చేయాలి. మొత్తం 5,400. వాల్యూమ్ పరిమాణం ఉదారంగా పెట్టేముందు దాన్ని మూడుతో గుణించి బడ్జెట్ చూసుకోవాలి.

నకలు బంధంలో ఉన్న వాల్యూమ్‌ను పెంచడం డీఎస్8000లో చాలాకాలం కుదిరేది కాదు. ముందు బంధం తీసేయాలి, రెండు వైపులా పెంచాలి, మళ్లీ బంధం కట్టాలి. ఆ మధ్యలో అవతలి ఊళ్లో నమ్మదగిన నకలు ఉండదు. కొత్త తరాల్లో ఈ నిబంధన సడలింది. అయినా పెంచవచ్చు కదా అని చిన్నగా మొదలుపెట్టేవారు నకలు లేని ఆ గంటల లెక్క కూడా వేసుకోవాలి.

ఒక నమూనా లెక్క

సీజను ప్రకారం ఎదిగే డేటాబేసు ఒకటి నేడు 900 గిబిబైట్లు ఉందనుకుందాం. సీజనుకు 120 పెరుగుతుంది, పెట్టె ఐదేళ్లు నడుస్తుంది. 900కు 600 కలిపితే 1,500. అనుకోనిదానికి ఐదో వంతు చేరిస్తే 1,800. ఎనిమిదితో భాగిస్తే 225. పూర్ణాంకం, 1 గిబిబైట్ ఎక్స్‌టెంట్లలో వృథా లేదు. ఏఐఎక్స్ పాత గ్రూపు అయినా 254 లోపే ఉంది, కొంచెం పెంచుకునే వీలూ మిగిలింది. సరి గుంపులో నాలుగు, బేసి గుంపులో నాలుగు. గిగాబైట్లు అనుకుని చేసి ఉంటే పోయే 124 గిబిబైట్లు ఈ లెక్కలో ఒక సీజను ధాన్యం కొనుగోళ్లంత.

లాగ్ ఫైళ్లను ఈ ఎనిమిదిలో కలపకూడదు. వాటి రాత తీరు వేరు, వాటి నకళ్లు తీసే వేళలు వేరు. 32 గిబిబైట్ల నాలుగు వాల్యూములు విడిగా ఇవ్వాలి. ఇచ్చేటప్పుడే పేరులో సర్వరు, పని, వరస నంబరు కనిపించేలా పెట్టాలి. మూడేళ్ల తరువాత 1102 ఎవరిదో తెలియక ఎవరూ తీసేయడానికి సాహసించని వాల్యూములు ప్రతి పెట్టెలోనూ ఉంటాయి. అవి ఆక్రమించిన చోటు కోసం కొత్త డిస్కులు కొంటారు.

ఐదేళ్లకు బదులు మూడేళ్లకే 1,800 నిండితే రెండు దారులు. ఎనిమిదింటినీ ఒక్కోటి 25 చొప్పున పెంచితే 200 వస్తాయి. డేటాను ఎనిమిదింటి మీదా సమానంగా పరిచిన స్ట్రైప్ చెడదు, 250 కాబట్టి పాత ఏఐఎక్స్ గ్రూపు హద్దూ దాటదు. లేదా అదే పరిమాణంలో మరో రెండు, ఒకటి సరి గుంపులో ఒకటి బేసి గుంపులో, చేర్చాలి. అప్పుడు పాత డేటాను పది వాల్యూముల మీద మళ్లీ పరచాలి. ఏఎస్‌ఎం అయితే ఆ పని నడుస్తుండగానే చేస్తుంది. ఎనిమిది ముక్కల స్ట్రైప్ వేసిన ఎల్‌వీఎం వాల్యూమ్ అయితే రెండు డిస్కులు చేర్చి అదే స్ట్రైప్‌తో పెంచడానికి ఒప్పుకోదు. ఎనిమిదీ ఒకేసారి చేర్చమంటుంది. ఏ దారి అయినా రాయ్‌పూర్‌లో ధాన్యం కొనుగోళ్లు లేని నెలల్లో, ఫిబ్రవరి తరువాత, హైదరాబాద్ నకలు పెట్టెలో ఖాళీ ఎక్స్‌టెంట్లు లెక్కపెట్టుకున్నాకే మొదలుపెట్టాలి.